రెండు గంటల మాత్ర

మూడు నెలలకు మించి చెప్పలేనన్న డాక్టరే, మార్ఫిన్ మాట ఎత్తగానే "వద్దమ్మా, అలవాటైపోతుంది" అన్నాడు.

అది సోమవారం, నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. బయట బెంచీ మీద అంజవ్వ ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. లోపల ఆమె పెద్దకొడుకు దేవిదాస్, చిన్నకోడలు సింధూజ కూర్చున్నారు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ నడుము దగ్గర రెండు వెన్నుపూసల్లోకి దిగిందని చెబుతూ డాక్టరు లైటుకు తగిలించిన ఫిల్ము మీద పెన్నుతో తట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

సింధూజ ఆ మూడు నెలలనూ ఈ అలవాటునూ పక్కపక్కన పెట్టి చూసింది. అరవై నాలుగేళ్ళ మనిషి, పోయిన తర్వాత కూడా మందు కోసం బోధన్ బస్టాండులో జేబులు కొడుతుందని ఈయన బెంగ కాబోలు.

"మరి నొప్పికి ఏం రాస్తారు సార్?"

"పారాసిటమాల్ ఉంది కదా. కొంచెం ఓర్చుకోవాలి."

"ఎవరు సార్?"

డాక్టరు మొదటిసారి తల ఎత్తి ఆమెను చూశాడు. దేవిదాస్ గబుక్కున చేయి అడ్డం పెట్టాడు. "సార్ కరెక్టే చెప్పిండు సింధూజా. మత్తు మందులు మన ఇంట్ల వద్దు."

తిరుగు ప్రయాణంలో ఆటో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఎగిరి పడింది. అంజవ్వ ముందు సీటు వెనక ఇనుప కడ్డీని పట్టుకుని కూర్చుంది. ఎడపల్లి దాటాక దేవిదాస్ వెనక్కి తిరిగి అడిగాడు. "నొప్పున్నదా అవ్వా?"

"లేదు బిడ్డా."

కడ్డీ మీద ఆమె వేళ్ళ కణుపులు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. దేవిదాస్ ముఖం చూశాడు, చేతులు చూడలేదు. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ముందుకు తిరిగాడు.

సింధూజ డిగ్రీలో జువాలజీ చదివింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆ చదువు కోడిని కోసినప్పుడు గుండెకాయ ఇదీ, కార్జం ఇదీ అని పిల్లలకు చూపించడానికి తప్ప మరి దేనికీ పనికిరాలేదు. ఆ సాయంత్రం ఆమె పాత స్నేహితురాలికి ఫోన్ చేసి, సర్కారు దవాఖానలో ఇలాంటి రోగుల కోసం పాలియేటివ్ వార్డు ఉందని తెలుసుకుంది. రైస్ మిల్లు నుంచి వచ్చిన భర్త అనిల్‌కుమార్‌కు అన్నం వడ్డిస్తూ విషయం చెప్పింది.

"అన్నను ఒక్క మాట అడుగరాదా?" అన్నాడతను.

"అడిగితే వద్దంటడు. గందుకే అడుగుతలేను."

అనిల్ ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు. ఆ ఇంట్లో దాన్ని ఒప్పుకోవడం అంటారు.

మంగళవారం పొద్దున దేవిదాస్ పసుపు చేనుకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళగానే ఆమె ఆటో మాట్లాడింది. వార్డులో డాక్టరు అంజవ్వను ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, పడుకుంటే ఎట్లా ఉంటుంది, కూర్చుంటే ఎట్లా అని పావుగంట అడిగి, మార్ఫిన్ గోలీలు రాశాడు. ఇన్ని ఆసుపత్రులు తిరిగితే నొప్పి గురించి రోగిని అడిగినవాడు ఇతనే. ఆమె కాళ్ళ మీద నర్సు పల్చటి దుప్పటి కప్పబోతే అంజవ్వ పళ్ళు బిగించి కాలు లాక్కుంది.

"దుప్పటి తాకినా నొప్పేనా అవ్వా?" అంది నర్సు. పేరు జ్యోతిరాణి. సొంత ఊరు బోధనే.

"దుప్పటి ఏం జేస్తది తియ్. నాకే గిట్ల పాడు రోగం."

"ఏమక్కా, ఎముకలో రోగముంటే చర్మం మీద దుప్పటికి నొప్పెందుకు?" అని అడిగింది సింధూజ. పుస్తకంలో ఎక్కడో చదివినట్టే ఉంది. కానీ ఆ పేజీ మీద పద్నాలుగేళ్ళ కూరలు వండి పడేసింది.

జ్యోతిరాణి మంచం అంచున కూర్చుంది. "అవ్వా, నువ్వెప్పుడన్న షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు బండి వెంట పోయినవా?"

"పోకేంది? రెండు రోజులు లైన్ల ఉంటుంటిమి. బండి కిందనే పంటుంటిమి."

"మా బాపు ఆ గేటు కాడనే పని చేసిండు. సూడు. నీ నడుము ఎముక నుంచి నొప్పి బండి కట్టుకొని వస్తది. వచ్చి వచ్చి వెన్నుపాముల ఒక గేటు కాడ ఆగుతది. అక్కడ బండి మనిషి చీటీ ఇయ్యాలె, గేటు గుమస్తా చీటీ తీసుకోవాలె. గుమస్తా గంట కొడితేనే లోపలికి, అంటే నీ మెదడుకు, తెలుస్తది. చీటీ చేతులు మారకపోతే బండి గేటు బయటనే."

"మరి ఈ గోలీ?"

"ఈ గోలీ గేటు కాడ రెండు పనులు చేస్తది. బండోని పిడికిలి బిగబడతది, చీటీ జారనియ్యది. ఒకటి రెండు చీటీలు జారినా, అవతల గుమస్తాను కూలబెడతది, వాడు లేచి గంట కొట్టడు. అంతేగాదు, పైన ఆఫీసుల మేనేజరు ఉంటడు గదా, మెదడుల. ఆయనతోటి గేటు బంద్ చెయ్యుమని కిందికి ఫోన్ చేయిస్తది."

"బండి?"

"బండి ఆడనే ఉంటది అవ్వా. అబద్ధం చెప్ప. రోగం పోదు. గంట మోగదు, అంతే."

అంజవ్వ గోలీ కేసి చూసింది. "మా కాలంల గుమస్తాకు రెండు కట్టల బీడీలిస్తే గేటు తీస్తుండె. మూయనీకి గూడ మందున్నదా."

జ్యోతిరాణి నవ్వి, నవ్వు ఆపి సింధూజ వైపు తిరిగింది. "నువ్వడిగిన దుప్పటి సంగతి. పగలూ రాత్రీ ఆగకుండ చీటీలు వస్తనే ఉంటే గుమస్తాకు మెల్లగ పిచ్చి లేస్తది. ఇగ బండే అవసరం లేదు. గేటు ముంగట మేకపిల్ల పోయినా గంట కొడతడు. ఆ మేకపిల్లే ఈ దుప్పటి. అందరూ మందు అలవాటైతదని భయపడతరు. ఈడ వెన్నుపాము నొప్పికి అలవాటు పడ్డది. అందుకే నొప్పి లేచినంక ఇచ్చుడు కాదు, లేవకముందే ఇయ్యాలె. ఆరు, పది, రెండు, ఆరు, పది. గడియారం చూసి ఇయ్యాలె, మొఖం చూసి కాదు. పడుకునేటప్పుడు రెండు గోలీలు. దీనితోని మలం గట్టిపడతది, దానికి వేరే గోలీ రాసిండ్రు, అది మరువొద్దు. ఇంకోటి, కల్లు చుక్క కూడ వద్దు. మన దిక్కు కల్లుల ఏం మత్తుమందు కలుపుతరో తెల్వంది కాదు. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తది."

మొదటి మాత్ర అక్కడే వేశారు. సింధూజ గోడ గడియారం కింద నిలబడి అత్తగారి పాదాలను చూస్తూ ఉండిపోయింది. ఐదు నెలలుగా ఆ కాలివేళ్ళు లోపలికి ముడుచుకునే ఉన్నాయి. ముప్పావుగంట తర్వాత బొటనవేలు విడింది. తర్వాత మిగతావి, ఒక్కొక్కటే.

"ఛాయ్ దొరుకుతదా ఈడ?" అంది అంజవ్వ.

బుధవారం పొద్దున, ఆరు గంటల మాత్ర తర్వాత, ఆమె చాట అడిగింది. పెళ్ళయిన నాటి నుంచి బీడీలు చుట్టిన చేతులవి. చాట పట్టక ఐదు నెలలైంది. సింధూజ పక్కింటి నుంచి తడిగుడ్డలో చుట్టిన తునికాకు, గుప్పెడు తంబాకు తెచ్చింది. వీపు వెనక రెండు మెత్తలు పెట్టింది. అంజవ్వ ఆకు మీద రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో చుట్టూ కోసింది. చిటికెడు తంబాకు పరిచింది. బొటనవేలితో ఒత్తుతూ దొర్లించి, కొస ముడిచి, దారం రెండు చుట్లు చుట్టి తెంపింది. మొదటి బీడీ వంకర పోయింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "కార్ఖానోడు దీన్ని మొఖాన కొడతడు" అని విప్పేసి మళ్ళీ చుట్టింది. రెండోది కుదిరింది.

పదకొండు గంటలకు వెనక గల్లీ నుంచి ఆమె వదిన అనసూయమ్మ అరటిపండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చింది. గుమ్మంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుపు సగం వరకు తెచ్చుకుని, లోపలికి చూసి ఆగిపోయింది. తెచ్చుకున్న ఏడుపును ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

"బీడీలు చుడుతున్నవా అంజవ్వా?"

"ఏం జెయ్యాలె మరి. కూసో వదినా."

అనసూయమ్మ కూర్చుంది గానీ సుఖంగా కూర్చోలేదు. ఊళ్ళో రోగిని చూడటానికి వెళ్ళినవాళ్ళు రోగి మూలిగితే ఇంటికి తృప్తిగా వెళతారు. ఇక్కడ ఆమె రాక వృథా అయింది. వెళ్ళేటప్పుడు వాకిట్లో దేవిదాస్ ఎదురుపడ్డాడు. "మీ అవ్వకు ఏం మందు వోస్తున్నరో గని బిడ్డా, సోయి లేదు. సావు ముంగట వెట్టుకొని నవ్వుతున్నది" అంది. ఆ మాట సింధూజకు వంటింట్లోకి వినపడింది. వినపడాలనే అన్నది.

దేవిదాస్ లోపలికి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. "నొప్పున్నదా అవ్వా?"

"లేదు బిడ్డా."

ఈసారి అది నిజం. కానీ నిజమూ అబద్ధమూ ఒకే గొంతుతో చెప్పే మనిషి దగ్గర తేడా ఎవరికి తెలుస్తుంది?

"గింత మంచిగున్నంక ఇగ మందెందుకు?" అన్నాడతను సింధూజతో. కిటికీలోంచి మందుల సంచీ తీసుకున్నాడు. "నన్ను అడుగకుండ దవాఖానకు తీస్కపోయినవ్. సరే. గిది మాత్రం నా దగ్గర ఉంటది. నొప్పి లేస్తే నేనే ఇస్త."

"బావా, మందు వేసినందుకే నొప్పి లేదు. పొయ్యి మీద బువ్వ ఉడుకుతుంది కదా అని మంట తీసేస్తామా?"

"నాకు సదువు చెప్పకు సింధూజా. మత్తు అలవాటై, బంద్ చేస్తే మనిషి ఏమైతడో నువ్వు చూడలే. నేను చూసిన."

సంచీని తన గదిలో అల్మారీలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆరోజు సాయంత్రం అతను కల్లు కంపౌండు నుంచి వస్తూ తల్లి కోసం ప్రేమగా ఒక సీసా తెచ్చాడు. అది మత్తు కాదు, అది కల్లు. సింధూజ ఆ సీసాను పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. ఆ చెట్టు అంత నిశ్చింతగా నిద్రపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

గురువారం పొద్దునకల్లా కాలివేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. చేనుకు వెళ్తూ దేవిదాస్ గుమ్మంలోంచి అడిగాడు. "నొప్పున్నదా అవ్వా?"

"లేదు. పో బిడ్డా, కరెంటు పోతది మళ్ళ."

అతను వెళ్ళాడు. సింధూజ వాకిలి దాకా వెంటపడింది. "బావా, అబద్ధం చెప్తున్నది. తాళంచెవి ఇయ్యి."

"నాకు మా అవ్వ మాట నమ్మాల్నా, నీ మాట నమ్మాల్నా?" మోటారుసైకిలు స్టార్టు చేశాడు.

పదింటికి సింధూజ అత్తగారి మీది దుప్పటి తీసేసింది. పన్నెండింటికి చీర కుచ్చిళ్ళు కూడా కాళ్ళకు తగలకుండా పైకి మడిచింది. ఫ్యాను గాలి కూడా తగులుతోందంటే ఫ్యాను ఆపింది. చాటలో కోసి పెట్టిన ఆకు ఎండి అంచులు పైకి లేచాయి. అంజవ్వ గోడ వైపు తిరిగి గోడను గోటితో గీకుతోంది. అరవడం లేదు. అరిచినా బాగుండేది, అరుపుకైనా ఈ ఇంట్లో విలువ ఉంది.

సింధూజ అల్మారీ దగ్గరకు వెళ్ళి తలపిన్నుతో తాళాన్ని కెలికింది. పిన్ను వంగింది. స్క్రూడ్రైవరు తెచ్చింది. అల్మారీ పాతకాలపు ఉక్కుది. తాతల ఉంగరాలు దాచడానికి చేసింది, కోడలు స్క్రూడ్రైవరుకు లొంగేది కాదు. జ్యోతిరాణికి ఫోన్ చేస్తే, ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే పని మీద ఆమె బాల్కొండ వైపు వేరే ఇంట్లో ఉంది. రేపు కొత్త మందు తెస్తానంది. "రేపు" అని సింధూజ ఆ మాటను నోట్లో తిప్పింది. ఇక్కడ రేపు అంటే ఎన్ని గంటలో ఆమెకు ఇప్పుడు తెలుసు.

రెండు గంటలకు ఫోన్‌లో అలారం మోగింది. మంగళవారం తనే పెట్టుకుంది. ఆపింది. ఐదు నిమిషాలకు మళ్ళీ మోగింది. మళ్ళీ ఆపింది. మూడోసారి మోగేసరికి ఆమె ఫోన్‌ను బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. బియ్యంలోంచి కూడా అది మోగుతూనే ఉంది.

మంచం దగ్గరకు వచ్చి నేల మీద కూర్చుంది. "అత్తమ్మా, ఒక్కటి అడుగుత. కొడుకుతోని నొప్పి లేదని ఎందుకన్నవ్?"

అంజవ్వ గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది. "కల్లు కంపౌండ్లు బంద్ పెట్టిననాడు, కల్లు దొరకక వాళ్ళ బాపు తలకాయ గోడకు కొట్టుకున్నడు. మూడు దినాలు. వీడే పట్టుకున్నడు ఒళ్ళె పెట్టుకొని. గప్పటి సంది ఎవ్వలన్న నొప్పంటే వాని మొఖం చిన్నగైతది. సూడలేను."

"ఆయన మొఖం చిన్నగైతదని నువ్వు గోడ గీకుతున్నవా?" సింధూజ గొంతు పెరిగింది. "ఆయన నిన్ను కాపాడుతున్న అనుకుంటడు, నువ్వు ఆయనను కాపాడుతున్న అనుకుంటవ్. నడుమల మందు అల్మారిల ఉన్నది. ఇద్దరి ప్రేమ మంచిగున్నది అత్తమ్మా. మీ ఇద్దరి ప్రేమను చూస్తే నాకు కడుపు మండుతున్నది."

గోడ మీద అంజవ్వ గోరు ఆగింది.

నాలుగున్నరకు దేవిదాస్ వచ్చాడు. కంపౌండు మీదుగానే వచ్చాడు, కళ్ళు మెత్తగా ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, గుమ్మంలో నిలబడి రోజూ అడిగే మాట అడిగాడు. సింధూజ నోరు తెరవబోయింది. అంజవ్వ చేయి ఎత్తి ఆపింది.

"సలి పెడుతున్నది దేవిదాసూ. దుప్పటి కప్పు బిడ్డా."

బయట ఎండ ఇంకా పెళ్ళున కాస్తోంది. సింధూజ అత్తగారి ముఖంలోకి చూసింది. అత్తగారు ఆమె వైపు చూడలేదు.

దేవిదాస్ దుప్పటిని దులిపాడు, రెండు చేతులతో పరిచాడు, పసిపిల్లకు కప్పినట్టు పాదాల దగ్గర నుంచి నెమ్మదిగా పైకి జరిపాడు. నూలు దుప్పటి, ఉతికి ఉతికి పల్చబడ్డది. అది మోకాలి దాకా రాకముందే అంజవ్వ అరిచింది.

అది మూలుగు కాదు. ఐదు నెలలు గొంతులో పెట్టుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. దేవిదాస్ చేతిలో దుప్పటి అంచు అలాగే ఉండిపోయింది. అతను దాన్ని తీయలేక, వదలలేక, "ఏమైంది, నేనేం జేసిన, నేనేం జేసిన" అంటున్నాడు.

సింధూజ దుప్పటిని లాగి అవతల పడేసింది. "నువ్వేం చెయ్యలే బావా. దుప్పటి కప్పినవ్. ఆరు పూటల గోలీలు తప్పినంక వెన్నుపాముకు దుప్పటి కూడ గొడ్డలే. నిన్న గిదే దుప్పటి కప్పుకొని బీడీలు చుట్టింది. మొఖం చూస్తివి కదా, పొద్దున. చూసి పోయినవ్."

అతను తల్లి వైపు చూశాడు. "పొద్దున లేదంటివి గదా అవ్వా."

"అబద్ధం ఆడిన" అంది అంజవ్వ రొప్పుతూ. "సోమవారం ఆటోల గూడ అబద్ధమే. బాపు లెక్క గాదు బిడ్డా ఇది. బాపుకు మత్తు లేక అట్లయిండు. నాకు నొప్పి ఉండి గిట్లయితున్న. తాళంచెవి సింధుకియ్యి."

మొలతాడు ముడి అతని వేళ్ళకు చిక్కలేదు. సింధూజ వెళ్ళి చాటలోంచి బీడీల కత్తెర తెచ్చి అందించింది. ఆ ముడిని తను విప్పే ఉద్దేశం ఆమెకు లేదు. అతను తన మొలతాడును తనే కోసుకున్నాడు.

శుక్రవారం జ్యోతిరాణి వచ్చి చూసి, ఇంకో వారానికి మందు ఇచ్చి, దేవిదాస్‌కు గేటు ముచ్చట మళ్ళీ మొదటి నుంచి చెప్పి వెళ్ళింది. అతను గోడకు ఆనుకుని విన్నాడు. అర్థమైందో లేదో సింధూజ అడగలేదు. ఒక రాత్రికి కరిగిపోయేంత చిన్న కోపం కాదది. పొద్దున అతనికి ఛాయ్ ఇచ్చింది గానీ చక్కెర వేయలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు అంజవ్వ చాట ముందు కూర్చుని ఉంది. తడి ఆకు కోస్తోంది. వాకిట్లో అనసూయమ్మ గొంతు వినిపించింది. ఈసారి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను వెంట తెచ్చింది. నిన్నటి అరుపు గల్లీ అంతా వినపడింది మరి.

అంజవ్వ చాటను మంచం కిందికి తోసింది. మెత్త మీద వాలింది. వాళ్ళు గుమ్మం దాటేసరికి కళ్ళు సగం మూసి, "అమ్మా, అయ్యా, పానం పోతున్నదే వదినా" అని మూలగడం మొదలుపెట్టింది. పక్కన నిలబడ్డ సింధూజ కూర గిన్నె గుర్తొచ్చినట్టు గబగబా వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుంది. వచ్చినవాళ్ళు అరగంట కళ్ళు తుడుచుకున్నారు. మంచి మనిషికే కష్టాలన్నారు. బత్తాయిలు పెట్టి, బరువుగా, తృప్తిగా వెళ్ళిపోయారు.

వాళ్ళ అడుగుల చప్పుడు గల్లీ మలుపు తిరిగాక అంజవ్వ వంగి చాట పైకి లాక్కుంది. సగం చుట్టిన బీడీకి దారం చుట్టి తెంపింది.

గుమ్మం పక్కన దేవిదాస్ నిలబడి ఉన్నాడు. మొత్తం చూశాడు.

"నొప్పున్నదా అవ్వా?"

అంజవ్వ చేతిలోని బీడీని చాటలో పెట్టింది. కొడుకు ముఖం చిన్నబోతుందేమోనని ఒక క్షణం చూసింది. తర్వాత కళ్ళు తిప్పుకోకుండానే చెప్పింది.

"ఉన్నది. కొంచెం లేస్తున్నది. టైమెంత?"

దేవిదాస్ గోడ గడియారం కేసి చూశాడు. "రెండుకు ఐదు నిమిషాలు తక్కువ."

వంటింట్లోకి వచ్చి గ్లాసు కడిగి నీళ్ళు పట్టాడు. బియ్యం డబ్బా మీద పెట్టిన ఫోన్ మోగే వరకు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.